వృత్తి: కూలి

ఆగస్టు 9, శనివారం

ఇంట్లో నాకు కొత్త పేరొచ్చింది. దుడ్ల పిచ్చిది.

పెట్టింది మారుతి మామ. అమ్మకు తమ్ముడు కాబట్టి మా ఇంట్లో ఏ సంగతికైనా చివరి మాట తనదే అనుకుంటాడు. ఇన్సూరెన్సు కంపెనీ నాలుగు లక్షలు ఇస్తానంటోంది, వచ్చే నెల లోక్ అదాలత్‌లో సంతకం పెట్టేసి కేసు ముగించుకుందాం అన్నాడు. చాలదు అన్నాను. ఆ ఒక్క మాటకే తండ్రి కాలిని సంతలో పెట్టి బేరమాడే కూతుర్నైపోయాను. మామ అన్నందుకు కాదు నా బాధ. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తిరిగైనా చూడలేదు. కాదనలేదు.

బండి మీద వంకాయలు తూకం తక్కువ పడితే అమ్మ వీధి చివరిదాకా వెంటపడి కొట్లాడుతుంది. అది న్యాయం. నేను చేసేది ఆశ.

నాయన కుడికాలు స్టూలు మీద చాచుకుని, ఇదంతా పక్కింటి గొడవ అన్నట్టు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

నోరు తెరిచి మాట్లాడే ఓపిక లేదు. అందుకే ఇందులో రాసుకుంటున్నాను. డిగ్రీలో కొన్న నోటుపుస్తకం. మొదటి పది పేజీలు కాస్ట్ అకౌంటింగ్.

ఆగస్టు 11

పిటిషన్ మళ్ళీ చదివాను. మా ఇంటికి జరిగిందంతా అందులో నాలుగు వరుసలు. డిసెంబరు పదకొండు ఉదయం ఏడు గంటలకు శ్రీరంగప్ప, వయసు యాభై ఒకటి, మోపెడ్ మీద కొత్తచెరువు నుంచి తన ఊరికి తిరిగి వస్తుండగా వెనక నుంచి వేగంగా వచ్చిన కారు ఢీకొట్టింది. కుడి తొడ ఎముక, మోకాలి చిప్ప విరిగాయి. తొడలో రాడ్డు. మోకాలు సగానికి కూడా వంగదు.

బెంగళూరులో నాకు ఇంటర్వ్యూ. నన్ను బస్సెక్కించి తిరిగొస్తున్నాడు. ఆ రోజు ఆయన ఎలాగూ పొద్దున్నే బండి తీయాల్సిందే. ధర్మవరంలో పనుంది.

మా వకీలు జయరాం సార్ పిటిషన్‌లో 'పట్టుచీరల నేతగాడు' అని రాశాడు. పోలీసు కాగితంలో మాత్రం 'వృత్తి: కూలి' అని ఉంది. ఆస్పత్రి వరండాలో కానిస్టేబుల్ అడిగితే మామ చెప్పిన మాట అది. కూలోడని రాస్తే కోర్టు దయ తలుస్తుందని మామ లెక్క. నేతగాడంటే ఇంట్లో పట్టు ఉందనుకుంటారట. ఆ రోజు నేను బస్సులో ఉన్నాను, ఫోన్ ఆపేసి ఇంటర్వ్యూ ప్రశ్నలు చదువుకుంటున్నాను.

ఇప్పుడు కంపెనీ ఆ ఒక్క మాట పట్టుకుంది. కూలి మనిషి అయితే కాలు కొంచెం తక్కువైనా ఏదో ఒక పని చేసుకోగలడట. కాపలా ఉండొచ్చు, అంగట్లో కూర్చోవచ్చు. నేతగాడికి ఆ మోకాలు వంగకపోతే ఏమీ లేదు. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని, కింది పలకలు తొక్కుతూ నేయాలి. మోకాలు వంగని మనిషి ఆ గుంతలోకి దిగనే లేడు.

చాలదు అని నేనన్నది దీని గురించి. ఇంట్లో ఎవరికీ ఇంతసేపు వినే తీరిక లేదు.

ఆగస్టు 14

మగ్గం మీద ఎనిమిది నెలలుగా ఆగిపోయిన చీర ఈరోజు కదిలింది.

మగ్గం మాది, పట్టు మాత్రం షావుకారు రామాంజనేయులుది. ఆయన ఇన్నాళ్ళు ఆగడమే ఎక్కువ. శ్రావణం పెళ్ళిళ్ళు నెత్తిమీదికొచ్చేసరికి ఇంక ఆగలేక ధర్మవరం నుంచి ఒక నేతగాణ్ణి పంపించాడు. నలభై ఏళ్ళుంటాయి అతనికి. వచ్చి చెప్పులు విడిచి, మగ్గానికి దండం పెట్టి, నాయన వైపు చూసి కాసేపు నిలబడ్డాడు. దిగమన్నట్టు నాయన తల ఊపాడు.

నాయన వదిలిన చోటి నుంచే అతను మొదలుపెట్టాలి.

మొదటి అరగంట అతను పోగులు సరిచూసుకున్నాడు. తర్వాత అతను, "అన్నా, ఈ బుటా యాడ తిప్పినావు? నాకు దొరకల్యా" అన్నాడు. నాయన కుర్చీ జరుపుకుని, చీర మీది ఆ పువ్వు ఎక్కడ తిరిగిందో చెప్పాడు. తొమ్మిది పోగులు వదిలి పట్టుకోమన్నాడు. ఆ తర్వాత మగ్గం చప్పుడు పడింది. అమ్మ వంటింట్లో చేసే పని ఆపేసింది.

అతను తొక్కినప్పుడల్లా నాయన ఎడమకాలు కుర్చీ కింద నేలను నొక్కుతోంది. కుడికాలు స్టూలు మీద కదలకుండా ఉంది. ఆయనకు తెలియదు. నేను చూస్తున్నట్టూ తెలియదు.

సాయంత్రం షావుకారు వస్తే అడిగాను. ఇరవై రెండేళ్ళుగా మా నాయన మీకు నేస్తున్నాడని కోర్టులో ఒక్క మాట చెప్పండి అన్నాను. ఆయన మొహం మాడ్చుకోలేదు, తప్పించుకోలేదు. కోర్టులోకి వస్తే తన పుస్తకాలు చూపమంటారని, అవి చూపితే తన గతి వేరుగా ఉంటుందని చెప్పాడు. "మీ నాయన చెయ్యి బంగారం పాపా. ఆ మాట యాడన్నా చెప్తా. కోర్టులో చెప్పలేను" అని వెళ్ళిపోయాడు.

ఆగస్టు 15

సెలవు. నీళ్ళ ట్యాంకరు కూడా సెలవు తీసుకుంది. ఉన్న రెండు బిందెలతో గడిపాం.

ఆగస్టు 19

నేను కొత్తచెరువులో జిరాక్సులు తీయించుకుని వచ్చేసరికి అమ్మ మొహం వెలిగిపోతోంది. ఇన్సూరెన్సు తరఫున ఎంక్వయిరీకి ఒకాయన వచ్చిపోయాడట. చాలా మర్యాదస్తుడట. కుర్చీలో కూడా కూర్చోకుండా గడప మీదే కూర్చుని రెండు గ్లాసుల మజ్జిగ తాగాడట. ఇంట్లో నేసేది ఎవరమ్మా అని అడిగాడట.

అడగడమే ఆలస్యం, అమ్మ బీరువా తెరిచి చేనేత పథకం కార్డు తెచ్చి చూపించింది. ఇది నేతోళ్ళ ఇల్లని గవర్నమెంటే రాసిచ్చింది చూడు అని చూపించింది. ఆయన ఫోన్లో రెండు వైపులా ఫొటో తీసుకున్నాడు.

ఆ కార్డు మీద ఉన్న పేరు శ్రీరంగప్ప కాదు. అరుణజ్యోతి. నా పేరు. నా ఫొటో.

అమ్మా, ఎంత పని చేశావు అన్నాను. అమ్మకు అర్థం కాలేదు. కార్డు చూపితే మంచిదే కదా అంది. నేను పడుకున్నాను, పట్టపగలు.

ఆగస్టు 20

కార్డులో నా పేరు ఎవరో తప్పుగా ఎక్కించారు. అంతే.

ఆగస్టు 26

అనంతపురం పోయి వచ్చాం, నేనూ మామా. పోను రాను బస్సులో మామ మూడు మాటలకు మించి మాట్లాడలేదు. దారి పొడుగునా వేరుశనగ చేలు, ఆకు ముడుచుకుని. ఎవరూ వాటి వైపు చూడటం లేదు.

జయరాం సార్ మమ్మల్ని కంపెనీ వకీలు నందిని మేడం దగ్గరికి తీసుకుపోయాడు. నేను ఊహించుకున్న మనిషి కాదు. కాటన్ చీర, అలసిపోయిన కళ్ళు, బల్ల మీద ఇంటి నుంచి తెచ్చుకున్న చద్దన్నం డబ్బా. మమ్మల్ని కూర్చోమని, నాయనకు నొప్పి తగ్గిందా అని అడిగింది. ఆ తర్వాత ఫైల్లోంచి మూడు కాగితాలు తీసి వరుసగా పెట్టింది. ఒకటి పోలీసులది, కూలి అని ఉన్నది. రెండోది డాక్టర్ల బోర్డు ఇచ్చినది, వైకల్యం ముప్పై అయిదు శాతం అని. మూడోది నా కార్డు ఫొటో.

"మీ ఇంట్లో మగ్గం ఉంది, కాదనను. నేసేది మీరని ఈ కార్డు చెబుతోంది. నాన్నగారు నేస్తారని చెప్పే కాగితం ఒక్కటి చూపించండి, నేనే మా ఆఫీసుకు రాస్తాను" అంది.

లేదు. అలాంటి కాగితం ఈ భూమి మీద లేదు.

ఆవిడ నా చేతుల వైపు చూసింది. మీరు నేస్తారా అమ్మా అని అడిగింది. మామూలుగా, చదువెంతవరకు అని అడిగినట్టే. గోళ్ళకు రంగు సగం ఊడిపోయి ఉంది. బల్ల కిందికి చేతులు తీసుకున్నాను. జయరాం సార్ దగ్గి, అది తర్వాత చూద్దాం మేడం అన్నాడు.

బయటికొచ్చాక మామ, కోర్టు మెట్ల మీద, నోరు విప్పాడు. "ఇంకా లాగు పాపా. లాగేకొద్దీ ఇంట్లోవన్నీ బయటికొస్తాయి."

ఆగస్టు 27

చవితి. వీధిలో పొద్దుట్నుంచీ మైకు. ఎవరితోనూ మాట్లాడే పని లేకుండా పోయింది, అదే మేలు.

ఆగస్టు 28

ఇరవయ్యో తేదీన రాసింది చదివాను. ఎవరో తప్పుగా ఎక్కించారు, అంతే.

ఎవరో కాదు.

నాలుగేళ్ళ కిందట పథకం రాసుకునేవాళ్ళు ఇంటికి వచ్చారు. వేలిముద్రకు నాయనను వేలు పెట్టమంటే పెట్టాడు. మిషన్‌లో ఎర్ర లైటు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమచెయ్యి, మళ్ళీ కుడిచెయ్యి. నూనె రాసి తుడిచి పెట్టించారు. పడలేదు. ముప్పై ఏళ్ళుగా పట్టుపోగు లాగిన వేళ్ళవి, వాటి మీద గీతలు లేవు. మా వీధిలో సగం మంది మొగవాళ్ళది ఇదే సంగతి. రేషన్ బియ్యానికి కూడా ఆడవాళ్ళే పోయి వేలు పెట్టి తెస్తారు. ఇంట్లో ఇంకెవరైనా పెట్టండి, గడువు రేపటితో అయిపోతుంది అన్నారట వచ్చినవాళ్ళు. అమ్మ వేలూ పడలేదు. పట్టుపోగు కండెలకు చుట్టే వేలు అమ్మది.

అమ్మ ఫోన్ చేస్తే నేను హాస్టల్ నుంచి మధ్యాహ్నం బస్సుకు వచ్చాను. వేలు పెట్టాను. ఒక్కసారికే పచ్చ లైటు వెలిగింది. అందరం నవ్వాం కూడా. కింద రాసిన వాక్యం చదివి మరీ పెట్టాను: నేను స్వయంగా మగ్గం నేస్తాను అని. నేనప్పుడు బీకాం మొదటి సంవత్సరం. చదవడం వచ్చు నాకు.

ఆ డబ్బు రెండేళ్ళు నా ఖాతాలో పడింది. హాస్టల్ ఫీజు కట్టాను.

నాకు ఒక్క అడ్డపోగు కూడా వేయడం రాదు. చిన్నప్పుడు గుంతలోకి దిగితే నాయన చెయ్యి పట్టి పైకి లాగేవాడు. పుస్తకం పట్టుకో పో అనేవాడు.

సెప్టెంబరు 2

బెంగళూరు నుంచి మెయిల్. ఉద్యోగం ఖాయం. పదిహేనో తేదీ సోమవారం చేరాలి. ఇది రెండో అవకాశం, మొదటిది డిసెంబరు పదకొండుది.

చదివి ఐదు నిమిషాలు నేను మామూలు మనిషినయ్యాను. ఇక్కడ్నుంచి పోవాలని ఉంది. ఈ కుర్చీ, ఈ స్టూలు, ఈ ఫైలు, మైలు దూరం నుంచి వినబడే ఆ ట్యాంకరు, అన్నీ వదిలేసి పోవాలని ఉంది. ఇది ఎవరికీ చెప్పను, ఇక్కడ రాస్తాను.

మామ విని సంతోషించాడు. వెంటనే, కోర్టులో నీ పేరు ఎక్కితే ఆ ఉద్యోగం ఉంటాదా అన్నాడు. కంపెనీలవాళ్ళు అన్నీ తిరగేసి చూస్తారట.

సెప్టెంబరు 5

డిసెంబరు పదకొండున నాయనకు ధర్మవరంలో ఏ పనీ లేదు.

సెప్టెంబరు 8

జయరాం సార్ ఫోన్‌లో అంతా విడమర్చి చెప్పాడు. ఆయన మంచివాడో కాదో ఇంకా తేల్చుకోలేదు కానీ చెప్పాల్సింది దాచడు.

శనివారం లోక్ అదాలత్. కంపెనీ నాలుగు నుంచి నాలుగున్నరకు వచ్చింది. అక్కడ సంతకం పెడితే అంతే, పై కోర్టుకు పోవడానికి ఉండదు. కార్డు సంగతి ఎవరూ అడగరు. సంతకం పెట్టకపోతే కేసు విచారణకు పోతుంది. ఏడాదో రెండేళ్ళో. నాయన నేతగాడని నాయనే చెబితే చాలదు, చెప్పడానికి షావుకారు రాడు, కాగితం లేదు, మిగిలింది నేను. సాక్షిగా బోనెక్కాలి. నందిని మేడం కార్డు చేతికిచ్చి, ఇది మీదేనా అని అడుగుతుంది. నేతపని నాదే అంటే అక్కడితో నాయన కేసు పోతుంది. నాది కాదంటే, అబద్ధం రాసిచ్చి ప్రభుత్వం డబ్బు తీసుకున్నానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. వాళ్ళు వెనక్కి కట్టమనొచ్చు, ఇంకేమైనా చేయొచ్చు.

గెలిస్తే ఎంత అని అడిగాను. మోకాలు వంగని నేతగాడికి సంపాదన మొత్తం పోయినట్టే అని జడ్జి ఒప్పుకుంటే రెండింతలు దాటొచ్చు అన్నాడు. ఒప్పుకోకపోతే నాలుగున్నర కూడా రాకపోవచ్చు.

"నేనైతే పెట్టమంటానమ్మా. కానీ అది అలసిపోయిన వకీలు మాట. దాన్ని సలహా అనుకోవద్దు" అన్నాడు.

సెప్టెంబరు 10

సెటిల్మెంటు కాగితం ముందుగానే పంపించారు. నాయనకు చూపించకుండా సంతకం రోజు ఇద్దామంది అమ్మ. నేనిచ్చాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. నిదానంగా, వేలితో ఒక్కో అక్షరం నొక్కుతూ. మొదటి పేజీ మధ్యలో వేలు ఆగిపోయింది.

"ఈయప్ప ఎవరు పాపా?"

"ఎవరు నాయనా?"

"ఈ కూలి చేసే శ్రీరంగప్ప."

అమ్మ, అట్లనే రాస్తారులే, పెట్టేసేయ్ అంది లోపల్నుంచి.

"ముప్పై ఏండ్లు గుంతలో కూర్చుంటి. ఎండకు పోయింది లేదు, ఒకరి చేనిలో దిగింది లేదు. నన్ను ఎవురూ అడగనే లేదే" అన్నాడు. గొంతు పెంచలేదు. కోపం కూడా లేదు. తప్పు ఎత్తిన పోగును చూపించినట్టు చూపించాడు, అంతే.

కాసేపటికి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పెడతాలే. నువ్వు సోమవారం పోవాల గదా. నువ్వు ఆడ నిలబడి ఆ వకీలమ్మతో మాటలు పడేది నాకొద్దు."

ఆయనకు కార్డు సంగతి అంతా తెలుసు. ఇన్నాళ్ళు గోడ వైపు చూస్తూ విన్నాడన్నమాట.

సెప్టెంబరు 11

రాగి సంగటి కలుపుతూ అమ్మ ఉన్నట్టుండి మొదలుపెట్టింది. నా వైపు చూడకుండానే.

"నిన్ను బస్సెక్కించేకి పోయి పడినాడని నీకు లోపల తొలుస్తాండాది. ఆ తొలిచేదానికి దుడ్లు అడుగుతాండావు. ఎన్ని లక్షలిస్తే పోతాది చెప్పు అది?"

అమ్మ ఇంకా అంది. "నేను ఎప్పుడన్నా అంటినా నిన్ను? ఒక్కనాడన్నా అంటినా?"

అనలేదు. తొమ్మిది నెలల్లో ఒక్క మాట అనలేదు. నేను అదీ అమ్మ తప్పుగానే రాసుకున్నాను.

అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. అమ్మ భయం నాలుగున్నర లక్షలు పోతాయని కాదు. కోర్టులో ఆడపిల్ల దొంగ అనిపించుకుంటుందని. కార్డుకు వేలు పెట్టమని ఫోన్ చేసింది తనే కదా, తనను పిలవమను, తను చెబుతుందట. కార్డు మీద ఉన్నది నా పేరమ్మా, అడిగేది నన్నే అన్నాను. గరిటె గిన్నెలో పడేసి బయటికి వెళ్ళిపోయింది.

అమ్మ నన్ను పూర్తిగా తప్పు చదవలేదు. సగం సరిగ్గానే చదివింది. ఆ తొలుపు ఉంది. అది ఎంత వచ్చినా పోదు. కానీ అది ఉన్నంత మాత్రాన ఆ కాగితంలో రాసింది నిజమైపోదు. మొదటిది నాది. రెండోది నాయనది. ఈ రెండూ తొమ్మిది నెలలుగా నాలో కలిసిపోయి ఉన్నాయి, విడదీయడానికి ఇంతకాలం పట్టింది.

సెప్టెంబరు 12, శుక్రవారం

పొద్దున జయరాం సార్‌కు ఫోన్ చేశాను. నా పేరు సాక్షుల్లో రాయమన్నాను. ఆధార్ జిరాక్స్ పంపు అన్నాడు.

మామకు చెప్పాను. నువ్వు మాకు చదువుకున్న పాపవు అనుకుంటిమి అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

నాయనకు మగ్గం దగ్గర చెప్పాను. ధర్మవరం నేతగాడు నిన్ననే చీర కోసుకుని వెళ్ళిపోయాడు, మగ్గం ఖాళీగా ఉంది. నాయన అంతా విన్నాడు. ఆయమ్మ నిన్ను అందరి ముందర దొంగ అంటాది అన్నాడు. అననీ అన్నాను. ఉద్యోగం అన్నాడు. అది వాళ్ళిష్టం అన్నాను. జేబులోంచి కాగితం తీసి నాకిచ్చి, "అట్లయితే నేను పెట్టను" అన్నాడు. భోజనం వడ్డించమని అమ్మను కేకేశాడు.

రేపు అనంతపురం పోతాం. నాయన సంతకం పెట్టడు. కేసు నడుస్తుంది.

సోమవారం నేను బెంగళూరులో చేరతాను. నన్ను పిలిచిన వాయిదాకు సెలవు పెట్టుకుని వస్తాను. కార్డు మీద వేలు నాదే, చదివే పెట్టాను, నాకు నేత రాదు, మా ఇంట్లో నేసేది శ్రీరంగప్ప అని చెబుతాను. తీసుకున్న డబ్బు కట్టమంటే జీతంలోంచి కడతాను.